బొందలగడ్డకు చేరని చాటింపు

మా ఊరిని ఖాళీ చేయించింది మా నాయిన గొంతు. సర్కారు వల్ల ఆ పని కాలేదు. ఈ మాట ఎవరి దగ్గర అన్నా నాతో వాదనకు దిగుతారు. ఉత్తర్వు వచ్చింది కదా, జీపులు తిరిగాయి కదా, మధ్యలో మీ నాయినెవరు అంటారు. అననీ. ఉత్తర్వు వచ్చి వానకాలం పోయి, యాసంగి పోయి, మళ్లీ వానకాలం వచ్చినా మా ఊళ్లో ఒక్క ఇంటి దూలం కదల్లేదు. మా నాయిన ఒక పొద్దున డప్పు మెడకు తగిలించుకుని ఊరు తిరిగాడు. ఆ మధ్యాహ్నానికే జనం ట్రాక్టర్ల కిరాయి మాట్లాడుకుంటున్నారు.

నాయిన ఆ ఊరి సుంకరి. ఊరికీ తహసీలు ఆఫీసుకూ మధ్య కాళ్లూ నోరూ అయిన మనిషిని సుంకరి అంటారు. ఆఫీసు నుంచి కబురొస్తే డప్పు కొట్టి ఊరికి చాటాలి. ఊళ్లో ఎవరైనా పోతే ఆఫీసుకు చెప్పాలి. సారు వస్తే కుర్చీ వేయాలి, పంచనామా అయ్యేదాకా పీనుగు పక్కన కాపలా కూర్చోవాలి. మా తాత చేశాడు, తాత నాయిన చేశాడు. నైజాము హుకుం ఆ నోటనే వచ్చింది, తర్వాత వచ్చిన సర్కార్ల హుకుములూ ఆ నోటనే వచ్చాయి. మధ్యలో ఆ కొలువుకు ఇంగ్లీషు అక్షరాల పేరొకటి పెట్టారు. మా ఊరికి మాత్రం చివరిదాకా ఆయన సుంకరే.

చాటింపుకు ఒక వరుస ఉండేది. ముందు చావడి, తర్వాత బస్సు ఆగే కాడ, ఆ తర్వాత మా వాడ, ఆఖరున బొందలగడ్డ. మా వాడ వాళ్లం చనిపోయినవాళ్లను కాల్చం, పూడుస్తాం. ఆ పూడ్చే జాగానే బొందలగడ్డ. నాయిన అక్కడ కూడా నిలబడి, బతికున్నవాళ్లకు చెప్పినట్టే, ముత్యాలమ్మ బోనాలు ఎప్పుడో, తూము ఎప్పుడెత్తుతారో, పశువుల డాక్టరు ఏ రోజు వస్తాడో గొంతెత్తి చెప్పేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట పోయి ఒకసారి అడిగాను.

"గాళ్లకెందుకు నాయినా గాలికుంటు టీకాల ముచ్చట? గాళ్లకేమన్న బర్లున్నయా?"

"ఊరి మాట ఊరందరికి చెప్పాలె బిడ్డా. చెప్పకపోతే వాళ్లకెట్ల ఎర్కైతది?"

ఊళ్లో అందరూ ఆ వరుసకు ఎంత అలవాటు పడ్డారంటే అదొక మాటగా మారింది. పిల్ల సంబంధం ఖాయమైందా అని అడగాలంటే, "ఏమే, మాట బొందలగడ్డకు చేరిందా?" అనేవాళ్లు. చేరిందంటే ఇక తిరుగు లేదని. చేరలేదంటే ఇంకా మార్చుకోవచ్చని. పెద్ద కులాల ఇళ్లలో కూడా ఈ మాట వాడేవారు, ఆ జాగాలో ఏనాడూ కాలు పెట్టనివాళ్లు.

నేను నల్లగొండలో జూనియర్ కాలేజీ పిల్లలకు పౌరశాస్త్రం చెబుతాను. ప్రతి ఏడూ ఒక పాఠం వస్తుంది, పౌరుడు ప్రభుత్వానికి ఎందుకు విధేయుడై ఉండాలని. పుస్తకం తెరవకముందు పిల్లల్ని అడుగుతాను. "ఇనకపోతే కొడ్తరు మేడం" అంటాడు వెనక బెంచీవాడు. దెబ్బకు జడిసి వింటే దాని పేరు భయం, కత్తి చూపించిన దొంగ మాట కూడా అట్లాగే వింటాం, నేనడిగేది కొట్టేవాడు లేనప్పుడు కూడా ఎందుకు వినాలని అంటాను. అప్పుడు బోర్డు మీద రాస్తాను. మనమే ఒప్పుకున్నాం కనుక. దాని వల్ల మేలు పొందాం కనుక. అందరూ పాటిస్తుంటే మనం ఒక్కరమే తప్పించుకోవడం అన్యాయం కనుక. పరీక్షకు ఈ మూడూ చాలు. నాకు చాలవు. అవి రాసి వెనక్కి తిరిగేసరికి ప్రతిసారీ ఒక వాసన వస్తుంది, గడ్డి మంట మీద డప్పు తోలు కాగే వాసన. కిటికీలు మూయించి చూశాను, పోలేదు. ఎవరికీ చెప్పలేదు. పౌరశాస్త్రం మేడం మీదికి ఏదో వచ్చిందంటే పిల్లలకు ఏడాది పొడుగునా అదే కాలక్షేపం.

అమ్మ ఉత్తర్వు రాకముందే పోయింది. మా దిక్కు బోరు నీళ్లలోని ఫ్లోరైడు సంగతి తెలిసినవాళ్లకు ఆమె ఎట్లా పోయిందో వేరే చెప్పనక్కర లేదు. ముందు పళ్లు గారపట్టాయి, తర్వాత మోకాళ్లు బిగిశాయి, చివరికి నడుము కొడవలిలా వంగింది. ఆకాశం చూడాలంటే మంచం మీద పక్కకు ఒరిగి చూసేది. నడుము వంగింది కాని నోరు వంగలేదు. నా నోరు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకు అదీ జవాబు. నాయిన ఊరంతటికీ హుకుములు చాటి ఇంటికి వస్తే, "సర్కారోరు వచ్చిండ్రు, కాళ్లకు నీళ్లియ్యుండ్రి" అని ఎకసెక్కం చేసేది. ఆయన మాట ఒక్కటీ ఆమె వినగా నేను చూడలేదు. పోయాక వెల్లకిలా పడుకోబెట్టాలని చూశారు, ఒళ్లు సాగలేదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్న మనిషిని అట్లాగే పక్కకు తిప్పి దించారు. బొంద మామూలు కంటే వెడల్పు తవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత జలాశయం మాట వచ్చింది. కృష్ణ నీళ్లు ఎత్తిపోసి మా ఎగువ ఊళ్లకు మంచినీళ్లిస్తారని, అందుకు మా ఊరు ముంపులో పోతుందని. పరిహారం సంగతి నేనిక్కడ ఎత్తను. ఎత్తితే మిగతావన్నీ వదిలేసి అందరూ అదొక్కటే మాట్లాడతారు. పంచాయతీ గోడకు కాగితాలు అంటించారు, మీటింగులు పెట్టారు, ఫోన్లలో సందేశాలు పంపారు. మా ఊరివాళ్లు కాగితం చదివారు, మీటింగులో చాయ్ తాగారు, ఇంటికొచ్చి పడుకున్నారు. ఎదురు తిరగలేదు, ధర్నా చేయలేదు. తహసీల్దారు సారు వచ్చి ఎందుకు కదలడం లేదని అడిగితే ఒక ముసలాయన నింపాదిగా చెప్పాడు.

"సాటింపు కాలే గద సారు."

సారుకు అర్థం కాలేదు. పడుచువాడు, పట్నంలో పెరిగినవాడు. ఏ చట్టంలో ఉందని అడిగాడట. చట్టంలో ఏముందో మాకేం ఎరుక, కాగితాలు గాలికొస్తాయి గాలికి పోతాయి, సర్కారు నిజంగా చెప్పదల్చుకుంటే మా సుంకరి ఉన్నాడు కదా అన్నారట. వెటకారం కాదు, వాళ్లు నిజంగానే అట్లా నమ్మారు. డప్పు మోగలేదంటే సర్కారు ఇంకా ఆలోచిస్తున్నదని వాళ్ల లెక్క. సారు నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత నవ్వడం మానేసి నాయిన దగ్గరికి కబురు పంపాడు.

చిన్నమ్మ నాకు ఫోను చేసింది. చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు, కేతేపల్లికి ఇచ్చిన మనిషి, భర్త పోయాక మా ఇంటికే వచ్చి ఉంటున్నది. "మీ నాయిన రేపు పొద్దుగాల డప్పు కాగబెడ్తుండు, నీ చేతనైతే ఆపుకో" అన్నది. మొదటి బస్సు ఎక్కాను. నేను పోయేసరికి వాకిట్లో గడ్డి మంట ముందు నాయిన డప్పు తిప్పి తిప్పి వేడి చూపిస్తున్నాడు. కాళ్లు కడుక్కోకుండానే మొదలుపెట్టాను.

"నువ్వు కొట్టకపోతే ఊరు లేవది. ఎరుకేనా?"

"ఎరుకే."

"మరెందుకు కొడ్తున్నవ్?"

"కొట్టమన్నరు కొడ్తున్న."

"బాయిల దుంకమంటే దుంకుతవా?"

"గది సర్కారు పని కాదు గద" అన్నాడు, నవ్వకుండానే.

నేను వదల్లేదు. రాష్ట్రం కోసం రోడ్డెక్కిన రోజుల్లో నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీలు ఆపి ఆయన ఇదే డప్పు కొట్టాడు. అప్పుడూ సర్కారు వద్దన్నది, పోలీసులు వద్దన్నారు. అప్పుడు వినని మనిషికి ఇప్పుడేమొచ్చిందని అడిగాను.

"అప్పుడు సర్కారు మనది కాదు."

"ఇప్పుడు మనదా? మన ఊరినే ముంచుతాంది."

"మనమే తెచ్చుకున్నం గదా బిడ్డా. నేనే కొట్టి తెచ్చిన. తెచ్చినంక దాని మాట కాదంటే ఎట్ల?"

"తెచ్చుకున్నది బతుకుదామని. మునుగుదామని కాదు."

ఆయన డప్పు మీద వేలితో తట్టి చూశాడు. ఇంకా మోత రాలేదు, మళ్లీ మంటకు పట్టాడు. "ఈ నీళ్లు ముందుగాల్నే వచ్చుంటే మీ అమ్మ నడుము గట్ల వంగకపోవు" అన్నాడు.

దానికి జవాబు తర్వాత బస్సులో తట్టింది. నీళ్లు తేవడానికి ఇదొక్క ఊరే ఎందుకు దొరికింది, పెద్దోళ్ల భూముల పక్కన గుట్టల మధ్య జాగా లేదా, ముంచేటప్పుడు ఎప్పుడూ పల్లంలో ఉన్నవాడి ఊరే ఎందుకు కనబడుతుంది అని. బస్సులో తట్టిన జవాబులతో నాకు ఒక సంచి నిండుతుంది.

"నచ్చిన మాట చాటి, నచ్చని మాట మింగుతే నేను సుంకరినెట్లయిత?" అన్నాడు లేస్తూ. "దళారినైత."

చిన్నమ్మ గడప మీద నుంచి అందుకుంది. "బావా, కొట్టేది కొట్టు గని మెల్లగ కొట్టు. సగం మందికి ఇనబడకుంటే సగం ఊరన్న మిగులుతది."

ఆయన మెల్లగా కొట్టలేదు. నేను వెనకే నడిచాను. చావడి ముందు ఆగి డప్పు మోగించి గొంతెత్తాడు. "ఇనుండ్రయ్యా ఇనుండ్రి. అమ్మలార అయ్యలార ఇనుండ్రి. మనూరు ముంపుల పోతాంది. పీర్లపండుగ దాటినంక కట్టకు నీళ్లిడుస్తరు. అంతల ఎవరి సామాను వాళ్లు సర్దుకొని కొత్త జాగకు పోవాలె. మాట సర్కారోరిది, నోరు నాది." ఎప్పుడూ ఆ ఆఖరి ముక్కతోనే ముగించేవాడు, చెప్పింది తన పాపం కాదన్నట్టు.

జనం బయటికి వచ్చారు. ఎవరైనా ఎందుకు అని అడుగుతారేమోనని నేను మొహాలు చూస్తూ నిలబడ్డాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. "పందిరి గుంజలు పీక్కపోవచ్చునా మామా?" అని ఒకామె అడిగింది. "పీర్లను ఈడ లేపాల్నా, కొత్త జాగల లేపాల్నా?" అని ఇంకొకాయన. నాయిన అందరికీ ఓపికగా చెప్పాడు. గుంజలు పీక్కోవచ్చు, పీర్లను ఈసారికి ఇక్కడే లేపొచ్చు. ఆ ప్రశ్నలు వింటుంటే నాకు ఒళ్లు మండింది. తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలి? దశాబ్దాలుగా ఆ గొంతు చెప్పింది చెప్పినట్టు జరిగింది. టీకాలు అంటే టీకాలు వచ్చాయి, నీళ్లు అంటే తూము లేచింది. వాళ్లు సర్కారును నమ్మలేదు, ఆయన్ను నమ్మారు. సర్కారు ఆ నమ్మకాన్ని ఒక పొద్దుటికి వాడుకున్నది.

వాడ అయిపోయాక ఆయన ఒక్కడే బొందలగడ్డ దిక్కు నడిచాడు. ఊరంతా సామాను సర్దే ధ్యాసలో ఉంది, ఎవరూ వెంట రాలేదు, నేను తప్ప. అమ్మ బొంద దగ్గర నిలబడి డప్పు కొట్టే సిర్ర పుల్ల ఎత్తాడు. ఎత్తిన చేయి కొంతసేపు అట్లాగే ఉండి, దిగింది. డప్పు మీద పడలేదు. ఆయన కింద కూర్చున్నాడు.

"ఏమాయె?" అన్నాను.

"బతికినోళ్లకు చెప్తే మూటలు కట్టుకొని పోతరు. వీళ్లేడికి పోతరు?"

"మరి చెప్పవా?"

"చెయ్యలేని పని చెయ్యమని ఎట్ల చెప్పాలె? గిది హుకుం ఎట్లయితది?"

నేను పొద్దున్నుంచి వెతుకుతున్న మాట అదే. ఒక హుకుం హుకుం ఎప్పుడు కాదో ఆయనకు తెలుసన్నమాట. అయితే బతికినవాళ్లు మాత్రం చేయగలరా, పొలం లేకుండా, పందిరి గుంజలు మోసుకుని ఎక్కడో రోడ్డు పక్క బతకగలరా అని పట్టుకుని అడగాల్సింది. ఆయన ముఖం చూసి అడగలేదు. ఇద్దరం ఇంటికి వచ్చాం. ఊరు మొత్తం మాట బొందలగడ్డకు చేరిందనుకుని లేచిపోయింది. చేరలేదని నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు.

కొత్త కాలనీ హైవేకు దగ్గర్లో, నార్కట్‌పల్లికి పోయే దారిలో కట్టారు. ఒకే తీరు ఇళ్లు, ఒకే తీరు తలుపులు. మొదట్లో జనం పక్కవాళ్ల ఇళ్లలోకి పొరపాటున పోయేవాళ్లు. జలాశయం నిండింది. తర్వాత నుంచి చిన్నమ్మకు అమ్మ కనబడడం మొదలైంది.

చిన్నమ్మ చర్చికి పోతుంది. ఆదివారం నేను వెళ్లినప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది. "మా పాస్టరేమో బూర ఊదేదాక సచ్చినోళ్లు లెవ్వరంటడు. మీ అమ్మ అప్పుడే లేచింది. పొద్దున అంట్లు తోముతాంటే గోడపొంటి నిలబడ్డది. వంగే నిలబడ్డది. కాళ్లకు తడి."

"ఏమన్నది?"

"ఏమంటది. అన్ని ఇండ్లు ఒక్క తీరున్నయి, మనది ఏది అన్నది. మనూరికి పోయిందట. దర్వాజలు లేవట, గోడలకు నాచు పట్టిందట. ఎవరు చెప్పకుంట ఎట్ల పోయిండ్రు అని ఒకటే తిట్టుడు."

నేను కొట్టిపారేశాను. తడి కాళ్లంటే బాత్రూము పైపు కారుతున్నదేమో చూసుకో అన్నాను. కాని నాయిన వింటున్నాడు. ఆయన ముఖం తెల్లబోయింది. చిన్నమ్మకు ఆ రోజే నిజం చెప్పేశాడు, బొందలగడ్డ దగ్గర డప్పు కొట్టలేదని. చిన్నమ్మ చాట కింద పెట్టింది. "అందరికి చెప్పినవ్, మా అక్కకే చెప్పకపోతివా బావా?" అన్నది.

అప్పటి నుంచి ఆయనకు తిండి లోపలికి పోలేదు. నేను ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట, చెప్పకుండా వచ్చినం, చెప్పకుండా వచ్చినం. ఊరు ఉందనుకుని ఆమె వస్తూ పోతూ ఉన్నదని, ఆ నడుముతో నీళ్లల్లో తిరుగుతున్నదని. డాక్టరుకు చూపిద్దామంటే, "దవాఖానోళ్లు నా మాట ఆమెకు చెప్పొస్తరా?" అన్నాడు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. అయితే కాలేజీలో కిటికీలు మూయించిన మనిషిని నేనే కదా. ఒకరోజు సెలవు పెట్టి, ఆటో మాట్లాడి, డప్పుతో సహా ఆయన్ను కట్ట దగ్గరికి తీసుకుపోయాను. చెప్పేదేదో చెప్పి వద్దాం, ఆయన మనసు కుదుటపడుతుంది అనుకున్నాను.

ఎండ నడినెత్తిన ఉంది. నీళ్లు కొంత వెనక్కి తగ్గాయి. పాత బాట నీళ్లలోకి దిగుతూ కనబడుతున్నది. బాట మొదట్లో రెండు కట్టెల మీద ఒక రేకు బోర్డు. కాపలావాడు లేడు, గొలుసు కూడా లేదు. నాయిన ఆగాడు.

"ఏం రాసిండ్రు బిడ్డా?"

ఆయనకు అక్షరాలు పెద్దగా రావు. నేను ఏదో ఒకటి చెప్పి నడిపించి ఉండొచ్చు. రాసింది రాసినట్టు గట్టిగా చదివేశాను, అలవాటు మరి. నిషేధిత ప్రాంతం, అనుమతి లేనిదే ప్రవేశం లేదు, ఉత్తర్వు మేరకు.

"అయితే పోరాదు" అన్నాడు.

"ఎవరున్నరు నాయినా ఈడ? కాకి కూడ లేదు."

"లేకుంటేంది."

"మన ఊరికి మనం పోవడానికి వీళ్ల పర్మిషనేంది? ఆమె ఈడుందని నువ్వే అంటివి. చెప్పకపోతే తిరుగుతాందని నువ్వే అంటివి. అన్నం మానేసి కూసుంటివి. ఇప్పుడు ఒక రేకు ముక్కకు జడుస్తున్నవా?"

"జడుసుడు కాదు బిడ్డా. ఊరందరిని లేపి పంపింది నేను. గుంజలు పీక్కొని, గొడ్లు తోలుకొని నా మాట మీద పోయిండ్రు. ఇప్పుడు నేను ఈ బోర్డు దాటితే, వాళ్లు నన్ను అడుగుతరు. మాకొక హుకుం, నీకొక హుకుమా అని."

నేను క్లాసులో బోర్డు మీద రాసే మూడో కారణం అది. అందరినీ కట్టిన తాడులో తాను కూడా ఉండాలని. పుస్తకంలో చదివినప్పుడు అది శుభ్రంగా ఉంటుంది. ఎండలో ఒక ముసలాయన నోటి నుంచి, ఆయన పెళ్లాం మీద నిలబడ్డ నీళ్ల ముందు వింటే అంత శుభ్రంగా అనిపించలేదు.

"ఆ బోర్డు రాయించినోడు నీ లెక్కనే అనుకుంటడా?" అన్నాను. "వాడు తన ఇల్లు లేపి చూపించిండా? నువ్వొక్కనివే ఎందుకు కట్టుబడాలె?"

"వాని సంగతి వానికి. నేను చెప్పిన మాటకు నేను."

చెప్పి డప్పు మెడలోంచి తీశాడు. నా చేతికిచ్చాడు. "నువ్వు పోయి చెప్పి రా."

నేను బిత్తరపోయాను. మా ఇంట్లో ఆడవాళ్లు ఏనాడూ డప్పు ముట్టి చాటింపు వేయలేదు. "నేను దాటితే తప్పు కాదా? నేను తినేది కూడ సర్కారు జీతమే."

"నువ్వు ఎవరికి హుకుం చెప్పినవ్? పిల్లగాండ్లను ప్రశ్నలడుగుతవ్, అంతే గద. నీకు చెల్లుతది."

అది మెచ్చుకోవడమా, దెప్పడమా, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. బోర్డు దాటి పాత బాటలో నడిచాను. బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచింది. సర్కారు తుమ్మ చెట్లు ఆకుల్లేకుండా నల్లగా నిలబడ్డాయి. బొందలగడ్డ ఎక్కడో అంచనా వేసుకుని నీళ్ల అంచున ఆగాను. ఆ నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి. డప్పు మీద కొట్టాను. మోత రాలేదు, చప్పటి శబ్దం వచ్చింది. మంట చూపించడం మర్చిపోయాం ఇద్దరం.

వినమ్మా అన్నాను. తర్వాత ఏమనాలి? ఊరు లేచిపోయింది, నువ్వూ లేచి రా. అనబోయాను. ఎందుకు అని అడుగుతుంది. ఈమె అడిగే మనిషి, పందిరి గుంజల సంగతి కాదు ఈమె అడిగేది. మనం ఒప్పుకున్నాం కనుక అందామా? ఈమె ఒప్పుకున్నది ఎప్పుడు? ఓటు వేసింది, నిజమే, నడుము వంగినా మంచం మీద మోయించుకుని పోయి వేసింది. వేసింది నీళ్ల కోసం. అందరూ లేచారు నువ్వూ లేవాలి అందామా? అందరికీ చెప్పారు, ఆమెకు చెప్పలేదు. మేలు జరిగింది అందామా? ఆ మేలు ఇదిగో, ఇప్పుడు, ఆమె మోకాళ్ల దాకా, మెడ దాకా, నోటి దాకా వచ్చి నిలబడింది. బతికుండగా రాని నీళ్లు.

నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చింది.

"అమ్మా, మంచినీళ్లొచ్చినయి. తాగు. యాడికి పోకు. ఈన్నే ఉండు."

ఏమీ జరగలేదు. గాలి వీచింది, నీళ్లు కొంచెం కదిలాయి, అంతే. నేను వెనక్కి వచ్చాను. నాయిన బోర్డుకు అవతల, ఒక్క అడుగు కూడా దాటకుండా, ఎండలో నిలబడే ఉన్నాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమని?"

దాచలేదు. అన్నది అన్నట్టు చెప్పాను. ఆయన నోరు తెరిచి నన్ను చూశాడు.

"హుకుం లెవ్వమని గదనే."

"లెవ్వమని చెప్పడానికి నాకు కారణం దొరకలే."

"కారణం ఎవరడిగిండ్రు?"

"అమ్మ అడుగుతది."

ఆయన మూతి మీద నవ్వులాంటిది వచ్చింది. "అడుగుతది" అన్నాడు. "అయినా ఆమె ఎవరి మాట ఇన్నది గనుక. నువ్వు ఉండమంటివి గద, ఇప్పుడే మూట కట్టుకుంటుంటది." ఆటోలో తిరుగుదారి పొడుగునా అదే తలుచుకుని రెండుసార్లు నవ్వాడు. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

తర్వాత ఆదివారం వెళితే చిన్నమ్మ చెప్పింది, అక్క వస్తలేదని. ఆ పై ఆదివారం కూడా అదే మాట. గోడపొంటి లేదు, తడి కాళ్లు లేవు, తిట్లు లేవు. పీడ పోయింది అన్నాను నేను. నా క్లాసులో గడ్డి మంట వాసన కూడా పోయింది. మూడు కారణాలు బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే సుద్ద వాసన తప్ప ఏమీ లేదు. సంతోషించాల్సిన నేను ఆ రోజు పాఠం మధ్యలో ఆపేసి స్టాఫ్ రూముకు వెళ్లి కూర్చున్నాను. ఊరంతా సర్కారు మాట ఎందుకు విన్నదో కొంత అర్థమైంది. నాయిన ఎందుకు విన్నాడో చాలావరకు అర్థమైంది. మొగుడి మాట, ఊరి మాట, సర్కారు మాట దేన్నీ లెక్కచేయని మా అమ్మ, ఏ అధికారమూ లేని నా ఒక్క మాటకు కట్టుబడి నీళ్ల కింద ఉండిపోవడం మాత్రం నాకు అర్థం కాలేదు. ఆమెను ఉండమనడానికి నన్ను ఎవరు ఒప్పుకున్నారు? ఆమెకేం మేలు చేశాను? నమ్మని దాని గురించి ఇట్లా ఆలోచిస్తున్నానేమిటని నన్ను నేను తిట్టుకున్నాను. ఆలోచన ఆగలేదు.

నాయిన వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. చర్చి నుంచి వచ్చే చిన్నమ్మ కోసం అనుకున్నాను. ఆమె వచ్చాక కూడా అట్లాగే చూస్తున్నాడు.

"ఇంక రాదా?" అన్నాడు ఒకనాడు, నా వైపు తిరగకుండా.

"ఎవరు?"

"నీకెర్క లేదా. నువ్వే గద రావద్దన్నవ్."

"తిరగకుంట ఒక్క దగ్గర ఉండాలనే గదా నీ బాధ. ఉన్నది."

"తిరిగినా వస్తుండె గద" అన్నాడు. "తిట్టుకుంటనన్న వస్తుండె. మీ చిన్నమ్మకు కనబడ్డది, నాకు రేపో మాపో కనబడుతుండె. మళ్లొకసారి పోయి చెప్పు బిడ్డా. రమ్మను."

"గడియకొక హుకుం మారిస్తే నవ్వుతది నాయినా."

"నవ్వనీ. నవ్వుకుంటనన్న రానీ."

లోపలికి పోయి గోడకున్న డప్పు దింపాను. ఈసారి కాగబెట్టుకుని పోదామని చిన్నమ్మను గడ్డి అడిగాను.